అయిదు సెకన్లు

గడ్డిమోపుకి గుచ్చిన ప్లాస్టిక్ తల.
నవంబరు నుంచీ దాని కొమ్ములే నా లోకం.
స్కూలు బస్సు రాకముందు వంద విసుర్లు,
గొర్రెలు దొడ్లోకి చేరాక ఇంకో వంద.
చలికి తాడు కర్రలా బిగుసుకుపోతుంది.
పసిపిల్లల పౌడరు రాసి, మోకాలి మీద మెత్తబరిచి,
దానితో మాట్లాడాలంటాడు మామయ్య.
ఏం మాట్లాడాలో మాత్రం చెప్పడు.

మా అమ్మ తమ్ముడు, లిరాయ్ బిట్సిలీ.
కుడిచేతికి నాలుగే వేళ్ళు.
నేను పుట్టకముందు, గాలప్ అవతల ఏదో పందెంలో,
జీను కొమ్ముకి తాడు చుట్టే అరక్షణంలో
మధ్యన బొటనవేలు ఉండిపోయింది.
ఏ గురువూ అడిగి పుచ్చుకున్నది కాదు.
టోపీలు తీసి అందరూ ఇసుకలో వెతుకుతుంటే
కోడె గేటు దగ్గర నిలబడి
తీరిగ్గా నెమరేసిందట.
బొటనవేలెత్తి భేషనడం ఆయనకి కుదరదు.
అందుకే కాబోలు, ఎప్పుడూ అనడు.

"కోడెని చూడకు.
కుడికొమ్ము మొదలు చూడు.
కోడెని చూస్తే కోడె మొత్తం కళ్ళలోకొస్తుంది,
ఉచ్చులో అంత చోటు లేదు."

"తిప్పేటప్పుడు లెక్కపెట్టు.
మూడో చుట్టుకి చెయ్యి వదలకపోతే
నాలుగోది నువ్వు తిప్పవు,
నీ భయం తిప్పుతుంది."

నా గుర్రం పేరు లైట్‌బిల్.
దాన్ని కొన్న నెల మాకు కరెంటు కట్ చేశారు.
ఫిబ్రవరి బురదలో అదీ నేనూ
ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటూ నేర్చుకున్నాం.
మార్చిలో అది నన్ను రెండుసార్లు పడేసింది.
రెండోసారి కావాలనే.

నేను హెడర్ని. ముందు దూకి కొమ్ములు పట్టి
ఎడమవైపుకి మళ్ళించడం నా వంతు.
వెనకనుంచి వచ్చి, గంతుకీ గంతుకీ మధ్య
నేలని వదిలిన రెండు కాళ్ళనీ
ఒక్క ఉచ్చులో దించుకోవడం ఆయన వంతు.
పట్టుకోవడమే నా పని అనుకునేదాన్ని.
కాదట.
వడ్డించడమట.
చెయ్యి వణక్కుండా, తొందరపడకుండా,
ఆకలిగా ఉన్నవాడి ముందు పెట్టినట్టు.

జులై. కౌంటీ సంత.
ఎడమ బాక్సులో నేను, కుడి బాక్సులో ఆయన,
మధ్య ఇనప సందులో ఎర్రమచ్చల కోడె
ఊపిరితో రేకులు చప్పుడు చేస్తోంది.
అడ్డుతాడు తెంపితే పది సెకన్లు జరిమానా.
లైట్‌బిల్ గుండె నా పిక్కలకి తగులుతోంది.
తలూపాను.

ఒకటి.
రెండు.
మూడు.

కొమ్ములు దొరికాయి.
బొటనవేలు పైకి పెట్టి తాడు చుట్టాను,
ఆయన కోసం కూడా ఆ వేలు దాచుకున్నట్టు.
ఎడమకి తిరిగాను.
జెండా పడింది.
ఏడు సెకన్ల రెండు, అన్నాడు మైకువాడు,
జనం సగం లేచారు.
తర్వాత అతని గొంతు కాస్త తగ్గింది:
ఒంటికాలు. అయిదు కలపండి.

తిరుగుదారిలో వేయించిన రొట్టె కొనిపెట్టాడు.
ఉప్పెక్కువైందన్నాడు.
అంతకు మించి నలభై మైళ్ళూ మాటల్లేవు.
నాకు తెలుసు, మలుపులో ఒక్క గంతు ముందే లాగాను.
ఆయనకీ తెలుసు.
విస్తరి వెయ్యకుండానే వడ్డించాను.

అర్ధరాత్రి మెలకువొచ్చింది.
బయట పికప్ లైట్లు వెలుగుతున్నాయి.
కొయ్యగుర్రానికి బిగించిన రెండు పైపు కాళ్ళ వెనక
అరవయ్యొక్కేళ్ళ మామయ్య,
నాలుగు వేళ్ళతో ఉచ్చు సర్దుకుంటున్నాడు.
వేశాడు. రెండూ పడ్డాయి.
విప్పేశాడు.
వేశాడు. రెండూ.
విప్పేశాడు,
పడనట్టే.

చెప్పులు దొరకలేదు. ఉత్తికాళ్ళతోనే
నా తాడు తీసుకుని వెళ్ళి,
గడ్డిమోపు ముందు నిలబడ్డాను.
ఆయన ఇటు తిరగలేదు.
"లెక్కపెట్టు," అన్నాడు,
"పైకి. నాకు వినపడేలా."

బ్యాటరీ దిగిపోయేదాకా
మూడు దాటలేదు మేమిద్దరం.