ఏటి తిన్నాడు?

కాశీబుగ్గ పశువులాసుపత్రి బల్ల మీద
పిక్కడు పడుకున్నాడు, మూతి నిండా నురగ.
ఏటి తిన్నాడమ్మా, అన్నాడు డాక్టరు.
నిన్న రేత్రి నుంచి కక్కుతున్నాడు బాబూ, అన్నాను.
అది కాదు. ఏటి తిన్నాడు?

చాకలెట్టా? మాకెక్కడిది బాబూ.
ఉల్లిపాయల కూరా? వాసనకే ఎనక్కెల్లిపోతాడు.
ఉడికిన కోడెముక, మొన్నాదివారం
మా తవిటమ్మొదిన పారేస్తే
నోట్లో చెయ్యెట్టి లాగీసినాను.

జీడిపిక్క మట్టుకు ముట్టనీను.
పదారేళ్లు కొట్టినాను ఫేక్టరీలో,
బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడిపోయినాయి.
ఆ నూనె అంటితే తోలూడిపోద్ది.
చేతులు కడుక్కోకుండా ఏనాడూ
ఆడి తల నిమరలేదు.
కాల్చేదేదో తెలుసని గీర నాకు.

అప్పుడు గుర్తొచ్చింది.
బోనసిచ్చిన రోజు పాయసంలోకని
పావుకిలో కిస్‌మిస్ తెచ్చినాను.
మా ఆయన తినకూడదు కదా,
అరటిపండొద్దు, కొబ్బరినీళ్లొద్దు, ఎండుద్రాక్షొద్దు,
మంచినీళ్లకి కూడా గీత గీసిన గ్లాసు.
ఆయన వాటా గుప్పిడు తీసి
పిక్కడి ముందు పోసినాను.
నేల కూడా నాకీసినాడు.

అదే, అన్నాడు డాక్టరు. కిడ్నీలమ్మా.

ఆ మాట ఉద్దానంలో ఎవరికి చెప్పాల?
వారానికి రెండు మాట్లు ఆయన్ని పలాస తీసుకెళ్లి
మిషను పక్కన కూకుంటాను.
క్రియాటినిన్ ఎంతొచ్చిందో
పిల్లల మార్కుల్లాగ వీధిలో చెప్పుకుంటాము.
మా మట్టి పట్టుకెళ్లినారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినారు,
బియ్యం, ఎండుచేపలు, పొలంలో కొట్టిన మందు డబ్బా.
ఏటి తిన్నాడని అడిగినారు. ఏటి తాగినాడని.
ఇదీ అని ఒక్కలూ అనలేదు.
కుక్కకి ఒక్క పూటలో దొరికీసింది,
నా గుప్పిడితో సహా.

మూడు రోజులు సెలైను.
ఉచ్చ పోస్తే బతుకుతాడు, అన్నాడు డాక్టరు.
అరుగు మీద కూకుని ఆయన
కునుకు తీయకుండా కనిపెట్టుకున్నాడు.

నాలుగోనాడు, ఇంకా చీకటుండగానే,
పిక్కడు తూలుకుంటూ లేచి
కరెంటు స్తంభం దాకా ఎల్లి
కాలెత్తినాడు.
"పోసినాడే! ఒలే, పోసినాడు!"
ఆ అరుపుకి పక్కింటోళ్లు లైట్లేసినారు.
ఎంతసేపో నవ్వినాడాయన.
నవ్వి, స్తంభం మొదట్లో తడి
ఇంకిపోయిందాకా చూసినాడు.

దాహమేస్తోంది, అన్నాడు.
నేను లోపలికెల్లి గ్లాసు నింపినాను,
గీత దాకా.