పదిహేడో గడి

టెండరు ఫైల్లో పదిహేడో గడి:
ముడిసరుకు ఎక్కడిది?
మూడు కంపెనీలూ కూడబలుక్కున్నట్టు
ఒకే మాట రాశాయి: వర్తించదు.

చేపాకంలో రెండో అంతస్తు.
ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొట్టు రాలుతున్నాయి.
నూట నలభై కార్లు కొంటున్నాం దొరలకి,
బ్యాటరీవి, పొగ లేనివి.
రంగు పేరు మెరుపు తెలుపు.
సెల్వనాయగం సారు పెన్సిల్‌తో టిక్కు పెట్టినచోట
నా పొట్టి సంతకం పడాలి, అంతే.

ఆ మెరుపేమిటయ్యా అని అడిగాను.
కంపెనీ కుర్రాడు కేటలాగు తిప్పుతూనే
"మైకా మేడమ్. పెయింట్లో చిటికెడు,
బ్యాటరీ అరల మధ్య ఓ రేకు,
వేడి దాటకుండా" అన్నాడు.

మైకా.
మా వైపు కాకిబంగారం అంటారు.
సైదాపురం పక్క రేకుల షెడ్లో మా అమ్మ పెంచలమ్మ
బొంతరాయి లాంటి ముక్కని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
కత్తి మొనతో పొరకు పొర లేపేది,
ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా.
రేకు విరిగితే కూలిలో కోత.
ఇంటికొచ్చి అన్నం కలిపితే
ముద్దలో చమ్కీలు.
ఏరి పలక మీద అంటించుకునేదాన్ని నేను.
"రాజులకైనా ఉందంటే
ఇంత మెరిసే కూడు?" అనేది,
నవ్వు సగంలో దగ్గయ్యేది.

రాయపేట ఆసుపత్రిలో చివరి ఎక్స్‌రే
తెల్లగా వచ్చింది.
మెరుపు మాత్రం లేదు.

అక్కడి గుంతల్లో ఇప్పుడు వాననీళ్ళు.
మరి ఈ చిటికెడు ఎక్కడిది?
ఇంకే కొండ కింద, ఇంకెవరి పలక మీద
అంటుకోవాల్సింది?

ఆకుపచ్చ సిరా వాడే హోదా కాదు నాది.
నీలంతోనే నోటు పెట్టాను:
ఏ గని? ఏ చేతులు?
ఆ చేతుల వయసెంత?

మూడో రోజుకి ఫైలు తిరిగొచ్చింది.
మార్జిన్లో సారు ముత్యాల్లాంటి అక్షరాలు:
తక్కువ ధరవాడిదే ఆర్డరు.
మిగతాది మనకి అనవసరం.

పెన్సిల్‌తో రాశారు.
చెరిపేయమని దాని అర్థం,
ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాత్రం తెలుసు.
రబ్బరు కూడా పక్కనే ఉంది.

టిఫిన్ డబ్బా మూసి, చెయ్యి తుడుచుకుని,
ఆ అక్షరాల మీదే నీలం కలం పెట్టి
ఒక్కొక్కటిగా దిద్దాను,
పలక మీద దిద్దినంత శ్రద్ధగా.
తేదీ వేశాను. పేజీ నంబరు వేశాను.

కార్లు ఎలాగూ వస్తాయి.
కింద పోర్టికోలో డ్రైవర్ మరియదాసు
చక్రానికొకటి చొప్పున
నిమ్మకాయల లెక్క అప్పుడే మొదలుపెట్టాడు.