జింకు ముక్క

గ్లాసులో బిళ్ల వేశాను.
సుర్రుమంది.
కాశిమేడు రేవులో ఇంజను పట్టిన పడవ వెనక
లేచే నురగలాగే ఎగిరెగిరి పడి
నిమిషానికి ఊరుకుంది.

కుళ్ళిన గుడ్డు వాసన.
"ఎవరింట్లో ఏం చచ్చిందిరా?"
పక్క వాటా పొన్నమ్మక్క కిటికీలోంచి కేక.
మందక్కా, అన్నాను.
"మందుకు బతికించే వాసన ఉండాలి గదా!"

గంధకం వాసన అని ముందే చెప్పింది
మందులకొట్టు తేన్మొళి.
డాక్టరు చీటీ అటు తిప్పి ఇటు తిప్పి
సగం అరవం, నా కోసం సగం తెలుగు:
"ఇదొక అమైనో ఆమ్లం అన్నా.
ఒంట్లోకి పోయాక దీన్ని పట్టుకుని ఒళ్ళే ఇంకోటి చేసుకుంటుంది,
గ్లూటాథయోన్. పేరుతో నీకు పనిలేదులే.
కఫం పల్చబడుతుంది.
లోపలి తుప్పు కొంచెం ఆగితే ఆగొచ్చు."

ఆగితే ఆగొచ్చు.
ఆ మాట దగ్గర నా మొహం చూడలేదు,
చిల్లర లెక్కపెట్టింది.

తుప్పు సంగతి నాకా చెప్పడం?
ముప్పై ఒక్కేళ్ళుగా పడవలకు అతుకులేస్తున్నవాణ్ణి.
ఉప్పుగాలి ఇనుమును తినే తీరు
నా గోళ్ళ సందుల్లో ఉంది.
ముందు రంగు ఉబ్బుతుంది, చెమటపొక్కంత.
గిల్లితే ఎర్రటి పొడి.
ఇంకాస్త గిల్లితే వేలు
అవతల సముద్రానికి తగులుతుంది.

అందుకే పడవ పొట్టకు, చుక్కాని పక్కన,
జింకు ముక్కలు బిగిస్తాం.
సబ్బుబిళ్లంత ఉంటుంది ఒక్కోటి.
ఉప్పునీళ్ళు ఆకలిమీద వస్తే
ముందు నన్ను తిను అంటుంది.
ఏడాదికి పడవ గట్టెక్కినప్పుడు చూడాలి దాన్ని,
ఎలుకలు కొరికి వదిలిన రొట్టె.
పక్కన ఇనుము మాత్రం
పెళ్ళికొడుకులా నిగనిగ.
పాతది విప్పి తుక్కుబుట్టలో గిరాటేసి
కొత్తది బిగించేవాణ్ణి.
ఎన్ని వందలో.
ఒక్కదానివైపూ రెండోసారి చూసింది లేదు.

ఈ గ్లాసులోదీ అలాంటి పనే చేస్తుందేమో.
నా బదులు తాను తుప్పుపట్టి
ఏ రాత్రో ఒంట్లోంచి
చప్పుడు లేకుండా పోతుందేమో.
ముప్పై ఒక్కేళ్ళ పొగ
పది బిళ్లలకు కరిగిపోదు, తెలుసు.
ముక్కు మూసుకుని తాగాను.

నా చేతికింద కుర్రాడి పేరు ఆరోగ్యం.
వాళ్ళమ్మ చర్చిలో పెట్టించిన పేరు.
ఇవాళ మూతికి గుడ్డైనా లేకుండా
నిప్పురవ్వల మీదికి వంగి ఉన్నాడు.
"పేరుంటే చాలదురా" అని
నా ముసుగు తీసి వాడికి తగిలించాను.
"మరి నీకో?" అన్నాడు లోపలినుంచి,
గొంతు డబ్బాలో ఈగలా.
నాకు జింకుందిలే అన్నాను.
వాడికర్థం కాలేదు.
సాయంత్రం కొట్టుకెళ్ళి ఇంకొకటి కొన్నాను,
మూడొందల ఎనభై, బేరం లేదు.

తెల్లారి దగ్గితే కఫం కదిలింది.
బిళ్ల వల్లో, రాత్రి వాన వల్లో,
నిన్నంతా పొగ మింగకపోవడం వల్లో.
తుక్కుబుట్టలోంచి ఏరి తెచ్చిన పాత జింకు ముక్క
కిటికీలో, గ్లాసు పక్కన.

"ఇవాళ వాసన రాలేదే, మానేశావా?"
గోడ అవతల పొన్నమ్మక్క.

లేదక్కా.
నీకలవాటైంది.