రసమట్టం

కోటిపల్లి రేవు దాటి, లంకలో కనకరత్నం గారిల్లు.
హాలు గోడలకి త్రికోణాలు వేయమంది
ఫోన్లో బొమ్మ చూపించి.
కట్టిన మేస్త్రీ ఎవరో గానీ
మూలమట్టానికి ఒక్క మూలా ఒప్పుకోదు.
రసమట్టం తేవడం మరిచాను.
నేల నుంచి కొలిచి, నూలుకి సుద్ద రాసి
మూడుసార్లు కొట్టాను.
మూడూ వాలాయి.

అప్పుడు చూశాను:
ఛాతీ ఎత్తున బురదగీత,
నాలుగు గోడల చుట్టూ
వెంట్రుకవాసి తేడా లేదు.
మొన్న ఆగస్టులో గోదారి గీసి పోయింది.

"ముందు దాన్ని చెరిపెయ్ బాబూ" అందావిడ.

ఉప్పుకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడా గీత మీదే కూర్చున్నాయి అన్నీ,
పసుపూ, ఇటుకరంగూ,
తలుపు పక్కన ఒక్కటి మాత్రం ఆకుపచ్చ.
చుట్టాలొచ్చి
ఎంత సమంగా వచ్చాయో, ఎవరు వేశారంటే
ఆవిడ నా పేరు చెబుతోందట.