మూడు చెంచాలు

అంతొఫగాస్తాలో ఆగస్టు. కిటికీ అవతల
వాన ఎరగని కొండ.
హసింతా కోల్కే గోరంత రాగి నురుగు ముక్కని
క్షారంలో ముంచి కరెంటు పెట్టింది.
కాసేపటికి దాని మీద నీలం మొలిచింది.
కంటికి ఒట్టి మరక,
సూక్ష్మదర్శినికి ఒత్తుగా లేచిన ఆకుమడి.
నూట ఎనభై డిగ్రీల వేడిలో రెండు గంటలు.
నీలం నల్లబడింది.

ఇందులో ఎంజైము లేదు.
ఎంజైము బూజు కడుపున పుట్టిన సుకుమారి,
ఎడారి బస్సులో ఒక్క మధ్యాహ్నానికే
పట్టీ మీద ప్రాణం విడుస్తుంది.
ఆ తర్వాత అది చెప్పే అంకె
చచ్చినవాడి సాక్ష్యం.
రాగికి ఆ బెంగ లేదు,
వేల ఏళ్ళు ఈ ఎండ కిందే పడుంది.

నా భాషలో రాగి అంటే రెండు:
చెంబుకి పనికొచ్చే లోహం,
చక్కెర జబ్బున్నవాడి కంచంలో నల్లటి ముద్ద.
చెబితే నవ్వింది.
"మా నాన్నకి మొదటిదే తెలుసు" అంది.

ఒక బొట్టు గ్లూకోజు. తెర మీద గీత మెట్టెక్కింది.
ఇంకో బొట్టు, ఇంకో మెట్టు.
మైక్రో ఆంపియర్ల మెట్లు,
చీమకి కూడా ఆయాసం రాదు.
విటమిన్ సి వేస్తే గీత ఉలిక్కిపడి సర్దుకుంది.
యూరిక్ ఆమ్లానికి అదీ లేదు.
కింద, అసలు మెట్ల మొదట్లో,
తండ్రి ఎర్మోహెనెస్ కూర్చున్నాడు.
ముప్పై ఒక్కేళ్ళు రాగి గనిలో.
ఎడమ కాలికి ఇప్పుడు మూడు వేళ్ళే.

ఎలక్ట్రోడుని ఆయన దగ్గరికే తెచ్చింది.
వెలుతురుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు.
"మంచి రాగిని మాడబెట్టావే" అన్నాడు.
"ఇది నా నెత్తురు చదువుతుందా?"

దీనికి కావలసినంత క్షారం నెత్తుట్లో లేదని,
నెత్తుటి ఉప్పూ మాంసకృత్తులూ
ఈ సూదుల మీద పాచిలా పడతాయని,
పదకొండో రోజుకి మెట్లు చదునైపోతాయని
ఆమె చెప్పలేదు.
"ఇంకా నేర్చుకుంటోంది" అంది.

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు.
కొండ వైపు చూశాడు.
తర్వాత, ఎవరూ అడక్కుండానే:
"టీలో మూడు చెంచాలు.
పొద్దున మూడు, సాయంత్రం మూడు.
మీ అమ్మకి ఒకటని చెప్పాను."

ఆమె చేతిలో లెక్కల పుస్తకం తెరిచే ఉంది.
ఏ వరసలో వేయాలో
తెలియలేదు.