వ్రాయసకాడి సాక్ష్యం

గుంటూరు కోర్టు, మేడమీద రెండో గది.
బోనెక్కించి నా అక్షరాలు నాకే చూపించారు.
"ఇది మీ చేతిరాతేనా?"
నాదే.
ఆ 'క్ష'కి అంత పొడుగు తోక ఈ జిల్లాలో ఇంకెవరూ పెట్టరు.
ఇరవై ఎనిమిదేళ్లయినా తోక వాడలేదు.

ఎనభై మూడు, జ్యేష్ఠమాసం.
ఏటుకూరులో భూషయ్యగారి పంచ.
పట్టెమంచం మీద నేనూ, స్టాంపు కాగితాలూ,
దారంతో కట్టిన నా కళ్లద్దాలూ.
పెద్దభార్య కొడుకులు సాంబశివుడూ పిచ్చయ్యా
కల్లంలో కాయల లెక్క చెప్పినట్టు చెప్పుకుపోయారు:
నల్లరేగడి పన్నెండెకరాలు.
నాన్నకి నాలుగు, మాకు చెరి నాలుగు.
బావి ఉమ్మడి, బావి దారి ఉమ్మడి.
పాత గానుగ ఎవరికీ వద్దు.

రాశాను.
తూర్పు పుంత, పడమర పంటకాలువ.
"ఎవరి బలవంతమూ లేక మనస్ఫూర్తిగా" అని రాశాను.
అది ఎవర్నీ అడిగి రాసేది కాదు, చేతి అలవాటు.
"వీరు తప్ప వేరే వాటాదారులు లేరు."
అదీ అలవాటే.

అప్పుడే మజ్జిగ తెచ్చింది మాణిక్యమ్మ,
భూషయ్య రెండో భార్య, ఇరవై మూడేళ్లుంటాయేమో.
గ్లాసు పెట్టబోతూ ద్వారబంధం పట్టుకుంది.
కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.
పిచ్చయ్య నా వంక చూశాడు.
నేను కాగితం వంక చూశాను.
పెరట్లో వాంతి చప్పుడు.
సిరా ఆరాలని ఊదాను.

ఇప్పుడు లాయరు వేళ్లు ముడుస్తున్నాడు.
జ్యేష్ఠం నుంచి పుష్యం దాకా. పుష్యంలో గిరిధర్ పుట్టాడు.
ఏడు దగ్గర వేళ్లు ఆగాయి.
మిగతా రెండు నెలలూ నా కాగితం కంటే పెద్దవి.

కడుపులో ఉన్నవాడు పుట్టినవాడితో సమానమట.
వాడి భాగం తీసి పక్కన పెట్టకపోతే
కట్టిన మూట విప్పాల్సిందేనట.
పంచిన తర్వాత నెల తప్పి ఉంటే వేరే మాట,
తండ్రి నాలుగెకరాలే వాడి లోకం.
ఆ నాలుగూ పొగాకు అప్పుకింద ఎప్పుడో పోయాయి.

అవతలి లాయరు లేచాడు.
"పంచింది పంచినట్టే ఉండాలి.
మీసం మొలిచిన ప్రతివాడూ వచ్చి గెట్టు పీకితే
ఊళ్లో గెట్టనేది మిగులుతుందా?"
అదీ నిజమే. నేను రాసినవి మూడువేల పైచిలుకు,
అన్నీ విప్పితే నేనేం కావాలి?

కోల్డ్ స్టోరేజీలో ఏళ్లు పడుకున్న మిరప టిక్కీ
విప్పి చూశారా ఎప్పుడైనా?
రంగు అలాగే ఉంటుంది.
ఘాటు మాత్రం ముందు విప్పినవాడి ముక్కుకే.

"ఆమె గర్భిణి అని మీకు తెలుసా?"
"ఎవరూ చెప్పలేదండి."
జడ్జిగారు తల ఎత్తారు.
"చెప్పారా అని కాదు. చూశారా?"

ఫ్యాను తిరుగుతోంది.
టైపు కొట్టే అమ్మాయి వేళ్లు గాలిలో ఆగాయి.
"చూశానండి."
టకటకా పడింది నా మాట. ఈసారి నా తోకలు లేకుండా.

మెట్ల దగ్గర పిచ్చయ్య.
తల నెరిసింది, గొంతు నెరవలేదు.
"రెండొందలు ఎక్కువే ఇచ్చాం గదయ్యా ఆ రోజు."
ఇచ్చారు.
ఆ నెల మా పెద్దదానికి పుస్తకాలు కొన్నాను.
అది చదువుకుంది కూడా.
ఈ మాట ఎవరి లాయరూ అడగలేదు.

వాయిదా పడింది. మైనారిటీ తీరిన రెండేళ్లకి వేసిన దావా,
తొమ్మిదేళ్లుగా ఇలాగే వాయిదా పడుతోంది.

గేటు బయట గిరిధర్ ఆటో.
ఎక్కమన్నాడు. దారంతా ఏమీ మాట్లాడలేదు.
అద్దంలో వాడి కళ్లు అచ్చం మాణిక్యమ్మవి.
బ్రాడీపేట నాలుగో లైను దగ్గర దిగి
యాభై కాగితం ఇచ్చాను.
ముప్పై తీసుకుని
ఇరవై లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.