శైలి అనే గడి

పన్నెండో కాలమ్‌లో 'శైలి' అని ఉంది.
ఎదురుగా బొటనవేలంత ఖాళీ.
ఏం రాయను?

రోహిణి కార్తె. గుంటూరు కొత్తపేటలో మిట్టమధ్యాహ్నం.
సెలవులకు మూసిన బడి.
టేపు రెండో కొస పట్టుకుని రాహేలమ్మ,
ముప్పై ఏళ్ళుగా ఇక్కడ గంట కొట్టిన మనిషి,
"ఇంకా ఎంతసేపమ్మా" అంటూనే ఉంది,
టేపు మాత్రం వదలదు.

ముందు వైపు కమానులు మొనదేలి ఉన్నాయి,
మిర్చి యార్డు గాలికి
తుమ్మబోతున్న ముక్కుల్లా.
మేడ మీద నాలుగు మూలలా నవాబుల గుమ్మటాలు,
చిన్నవి, దుత్తలు బోర్లించినట్టు.
వరండా స్తంభాలు గ్రీసు దేశానివి,
లోపల ఇటుక, పైన గచ్చు, ఆపైన
ప్రభుత్వాలతో పాటు మారిన సున్నం రంగులు
పొరలు పొరలుగా.

కాలేజీలో మాస్టారు వీటిని పునరుద్ధరణ శైలులన్నారు.
ఎక్కడో ఎప్పుడో చచ్చిపోయినదాన్ని
లేపి మళ్ళీ నిలబెట్టడమట.
మా గుంటూరులో అసలు పుట్టనే లేదు కదా సార్,
ఇక్కడెలా లేస్తుంది? అని అడగాలనుకుని
అడగలేదు. పరీక్షకు అంతవరకే కావాలి.

పటం మద్రాసు నుంచి వచ్చిందట, నీలం కాగితం మీద.
పటంలో ఉంది కాబట్టి
హెడ్మాస్టరు గదిలో చలిమంట గూడు కూడా కట్టారు,
పొగగొట్టంతో సహా.
నూట పదేళ్ళలో
అందులో ఒక్క పుల్ల వెలగలేదు.
ఇప్పుడు మధ్యాహ్న భోజనం గుడ్ల అట్టలు పెడతారు.
"చల్లగా ఉంటాయమ్మా" అంది రాహేలమ్మ.

పాత పద్దు పుస్తకంలో
చెదలు మిగిల్చిన వరస ఒకటి:
కరక్కాయలు రెండు బస్తాలు, బెల్లం ఆరు మణుగులు,
మేస్త్రి బుడేసాహెబు, రోజుకు పదణాలు.
పటం గీసినాయన సంతకం పటం మీద ఉంటుంది.
ఈయనకు ఈ పదణాలే.

పటం ప్రకారం స్తంభం నెత్తిన ఒక ఆకుండాలి.
మధ్యధరా తీరపు ముళ్ళపొద, పేరు అకాంథస్.
బుడేసాహెబు చూసి ఉండడు.
నిచ్చెన దిగి గోడవతలికి వెళ్ళి ఉంటాడు.
ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని
వెక్కిరింతకు వాడతాం గానీ
ఇక్కడ అది నిజంగానే పైకప్పు మోస్తోంది:
ఏడెనిమిది వేళ్ళ ఆముదపాకులు,
ఈనెలు, తొడిమ, అంచున రంపపు పళ్ళు.

తొమ్మిదో స్తంభం. ఆకు మధ్య రెండు చిల్లులు.
నిచ్చెనెక్కి కొలిచాను.
'నష్టం: అంగుళంన్నర, రెండు చోట్ల.'
రాసుకున్నాక వేలు పెట్టి చూశాను.
గచ్చు రాలితే అంచు గరుకుగా ఉండాలి.
ఇది నున్నగా ఉంది,
కొసన ఎండిన ఆకుకుండే చిన్న మడత కూడా.
కిందినుంచి రాహేలమ్మ:
"అదా? దాసరి పురుగు కొట్టిందమ్మా.
మా దొడ్లో ఆముదాలకీ అంతే."

ఆ పూట చేతికొచ్చింది
పురుగు తిన్న ఆకు.
ఆయన దాన్ని అలాగే పెట్టాడు.
దొర అడిగితే ఏం చెప్పాడో,
అసలు దొర తల పైకెత్తాడో లేదో.

నష్టం కొట్టేశాను.
కమాను మీది పగులు మాత్రం నిజం పగులే,
మూడు మిల్లీమీటర్లు. దాన్ని కొట్టేయలేను.

పన్నెండో కాలమ్‌లో, పెన్సిలుతో,
ఆఫీసులో చెరుపుకోవడానికి వీలుగా,
'ఆముదం' అని రాశాను.

రాహేలమ్మ టేపు చుట్టి ఇచ్చింది.
"కూలగొడతారా?"
మూడు మిల్లీమీటర్లేనన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.
గుడ్లు ఒకసారి లెక్కపెట్టుకుని
తాళం వేసింది.